పంటిలోకి రంగు ఎంత దూరం దిగింది?

పెడనలో సంప్రదాయ కలంకారీ అద్దకం చూసినవారికి తెలిసే ఉంటుంది. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవాన్ని దాని మీద అద్దితే అచ్చు నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్లతో ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. టీలో, వక్కలో కూడా టానిన్లే ఉంటాయి. ఐరన్ చుక్కలు వేస్తున్న పిల్లల పళ్లు నల్లబడితే కంగారుపడి మందు మానేయకండి. అది పైపై మరక, డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది.

పట్టించుకోవలసింది లోపలికి దిగే రంగును. దంతవైద్య పరిశోధనల్లో దాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. పీకేసిన పంటికి ఫిల్లింగ్ పెట్టి 5 డిగ్రీల నీటిలో, 55 డిగ్రీల నీటిలో మార్చి మార్చి వందలసార్లు ముంచుతారు. గుడివాడ బస్టాండులో వేడి టీ తాగి, వెంటనే చల్లటి నీళ్లు తాగే మన నోటికి అది నకలన్నమాట. తర్వాత ఫిల్లింగ్ అంచు వదిలి మిగతా పంటికంతా నెయిల్ పాలిష్ పూస్తారు. మిథిలీన్ బ్లూ ద్రావణంలో, తరచుగా 24 గంటలు, నానబెట్టి నిలువుగా కోస్తారు. నీలం ఎంత లోపలికి పాకిందో మైక్రోస్కోపులో చూస్తారు.

రంగు అణువు బ్యాక్టీరియా కంటే ఎంతో చిన్నది. పైగా బతికున్న పంటిలో లోపలి ద్రవం బయటికి నెడుతూ ఉంటుంది. కాబట్టి రంగు దూరిన ప్రతి సందులోనూ క్రిములు దూరతాయని చెప్పలేం. ఫిల్లింగ్ ఎక్కడ సరిగ్గా అతుక్కోలేదో మాత్రం తెలుస్తుంది.

పంటి పై పొర ఎనామిల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. రంగు అందులోకి చాలా కష్టంగా దిగుతుంది. దాని కింద డెంటిన్ అలా కాదు. చదరపు మిల్లీమీటరులో వేల సన్నని గొట్టాలుంటాయి. నరం వైపు వెళ్లేకొద్దీ అవి వెడల్పవుతాయి, దగ్గరపడతాయి. అంటే పుచ్చు లోతయ్యేకొద్దీ మిగిలిన గోడ పలచబడటమే కాదు, జల్లెడలా మారుతుంది. దివిసీమలో ఏ నాగాయలంక నుంచో పంటి డాక్టరు దగ్గరికి వెళ్లి రావాలంటే ఒక పూట పని పోతుంది, నిజమే. అయినా నాట్లు అయ్యాక, పండగ వెళ్లాక అని వాయిదా వేసేది ఈ జల్లెడ దశ దగ్గరపడుతున్నప్పుడే.

వరసంతా గారపట్టిన పళ్లకు తొందరేమీ లేదు, వీలు చూసుకుని క్లీనింగ్ చేయించుకోవచ్చు. బొగ్గుపొడి, ఇటుకపొడి పెట్టి మాత్రం రుద్దకండి. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు, కింది డెంటిన్ పసుపు ఇంకా బయటపడుతుంది. తెల్లబరచబోయి పచ్చబరుచుకోవడమే! ఒక్క పన్ను మాత్రమే బూడిద రంగుకు తిరిగినా, ఫిల్లింగ్ ఉన్న పన్ను చల్లటి నీళ్లకు జివ్వుమంటున్నా ఆలస్యం చేయకండి. పాత ఫిల్లింగ్ అంచున నల్లగీత కనిపిస్తే అది పుచ్చే కానక్కర్లేదు. పాలిష్ చేస్తే సరిపోతుందా, ఫిల్లింగ్ మార్చాలా అని డాక్టరును నేరుగా అడగండి.