హాల్లో టీవీకి ఏ లినక్స్?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. బీటెక్ రోజుల్లో కొనుక్కున్న డెస్క్‌టాప్ ఇంట్లో ఓ మూలన ఉండి, విండోస్ 11కి దాని ప్రాసెసర్ సరిపోదని తేలితే, దాన్ని హాల్లో టీవీకి తగిలించి గేమింగ్ కన్సోల్‌లా వాడుకుందామన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. ఆలోచన మంచిదే. లైసెన్సు ఖర్చు కూడా లేదు. చిక్కల్లా ఏ లినక్స్ వేయాలన్న దగ్గరే.

ఇక్కడ చాలామంది ముందు చూసేది ఎఫ్‌పీఎస్ పట్టికలు. ఏ డిస్ట్రోలో నాలుగు ఫ్రేములు ఎక్కువొచ్చాయి, ఎవరి కెర్నల్ కొత్తది అని. సోఫాలో కూర్చున్నవాళ్లకు ఆ నాలుగు ఫ్రేములు కనపడవు. హాల్లో పీసీకి పరీక్ష వేరే ఉంది. మీరు ఉద్యోగానికని హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయాక, ఇంట్లో ఉన్న తమ్ముడో చెల్లో పవర్ బటన్ నొక్కి, కీబోర్డు ముట్టుకోకుండా, కంట్రోలర్‌తోనే గేమ్ మొదలుపెట్టగలగాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా మర్నాడు సిస్టమ్ లేవాలి. టెర్మినల్‌లో ఏం టైప్ చేయాలో మీరు ఫోన్లో చెప్పాల్సి వచ్చిందంటే ఎంపిక తప్పినట్టే.

ఓఎస్ సంగతి తర్వాత, ముందు ఇంట్లో ఆడే గేమ్‌లేవో రాసుకోండి. వాలరెంట్ ఉందా? దాని యాంటీ చీట్ వాన్‌గార్డ్ లినక్స్ మీద నడవదు. ఫోర్ట్‌నైట్‌దీ అదే కథ. అపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్లు లినక్స్‌లో శుభ్రంగా నడిచింది, 2024 చివర్లో ఈఏ తలుపు మూసేసింది. అడ్డంకి అంతా టెక్నాలజీదే అనుకోకండి. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021 నుంచే లినక్స్ గేమింగ్‌కి వీలు కల్పించాయి. ఆ వీలు వాడుకోవాలా వద్దా అన్నది గేమ్ కంపెనీ ఇష్టం. ఈజీ యాంటీ చీట్ సొంతదారు ఎపిక్. తన ఫోర్ట్‌నైట్‌కే ఆ వీలు ఇవ్వలేదు! కాబట్టి ఇంట్లో రోజూ ఆడేది వాలరెంటే అయితే లినక్స్ ఆలోచన ఇక్కడే ఆపేయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఒక్కరే కూర్చుని ఆడే గేమ్‌లైతే పరిస్థితి పూర్తిగా వేరు. ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్ 2077, హేడీస్ లాంటివి విండోస్ కోసం తయారైనా లినక్స్‌లో నడుస్తాయి. ఇది రాత్రికి రాత్రి జరగలేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ ప్రాజెక్టు 1993లో మొదలైంది. 2015లో వాల్వ్ కంపెనీ స్టీమ్ మెషీన్ల పేరుతో లినక్స్ కన్సోళ్లు తెప్పిస్తే అవి బోల్తా పడ్డాయి. డెవలపర్లు లినక్స్ కోసం ప్రత్యేకంగా గేమ్‌లు తయారుచేస్తేనే వాటికి బతుకు, వాళ్లేమో పెద్దగా ముందుకు రాలేదు. 2018 ఆగస్టులో వచ్చిన ప్రోటాన్ ఆ లెక్క మార్చింది. వైన్‌ను పునాదిగా చేసుకుని, డైరెక్ట్‌3డీ భాషలో గేమ్ అడిగేదాన్ని వల్కన్‌లోకి అప్పటికప్పుడు మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. మధ్యలో నకిలీ ప్రాసెసర్ ఏదీ ఉండదు కాబట్టి వేగం పెద్దగా తగ్గదు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ నిలబడింది దీని మీదే. మీ గేమ్, మీ కార్డు కలిపి ఎలా నడుస్తున్నాయో ప్రోటాన్‌డీబీలో చూసుకోవచ్చు.

ఇక డిస్ట్రో. స్టీమ్ డెక్‌లో ఉండే స్టీమ్‌ఓఎస్ చాలా బాగుంటుంది గానీ, వాల్వ్ దాన్ని ప్రధానంగా ఏఎండీ హార్డ్‌వేర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది. నోబారా, క్యాషీఓఎస్ వేగంగా ఉంటాయి, టేబుల్ మీది పీసీకి వాటిని నేనే సిఫారసు చేస్తాను. హాలుకి మాత్రం నా ఓటు బజైట్‌కే. ఇది ఫెడోరా అటామిక్ మీద కట్టింది. ఆన్ చేస్తే స్టీమ్ డెక్‌లో వచ్చే గేమ్ మోడ్‌లోకే నేరుగా వెళ్లేలా వేసుకోవచ్చు. అసలు గొప్పతనం అప్‌డేట్‌లో ఉంది. మామూలు లినక్స్‌లో నడుస్తున్న సిస్టమ్ మీదే ఒక్కో ప్యాకేజీ మారుతుంది. సగంలో కరెంటు పోతే సగం పాతది, సగం కొత్తది. బజైట్‌లో కొత్త సిస్టమ్ మొత్తం పక్కన సిద్ధమై, రీబూట్ చేసినప్పుడే అందులోకి మారుతుంది. పాతది అలాగే ఉంటుంది. కొత్తది మొరాయిస్తే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవడమే. దీనికి బదులుగా డేటా ఖర్చవుతుంది, అప్‌డేట్లు గిగాబైట్లలో ఉండొచ్చు. మొబైల్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చే ఇల్లయితే ఆలోచించుకోండి.

వలంటీర్ల ప్రాజెక్టు కదా, రేపు ఆగిపోతే? అడగాల్సిన ప్రశ్నే. అందుకే సేవ్ ఫైళ్లు స్టీమ్ క్లౌడ్‌లోకి వెళ్తున్నాయో లేదో ఒక్కో గేమ్‌కీ చూసుకోండి. అన్నిటికీ ఆ సౌకర్యం ఉండదు. ఇంకో మాట, ఓఎస్ ఓపెన్ సోర్స్ అయినా దాని మీద నడిచే స్టీమ్ ఓపెన్ సోర్స్ కాదు.

ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, టీవీతో ఒక పేచీ ఉంది. లినక్స్‌లో ఏఎండీ కార్డులకు మంచి పేరుంది, డ్రైవర్ కెర్నల్‌లోనే వస్తుంది. కానీ హెచ్‌డీఎంఐ 2.1ని ఆ ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో పెట్టడానికి ఏఎండీ అనుమతి అడిగితే, 2024లో హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదు. 4కె టీవీలో 120 హెర్ట్జ్ కోసమే ఏఎండీ కార్డు కొంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఈ విషయం ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి. మామూలు 60 హెర్ట్జ్ టీవీకి ఈ బాధ లేదు. ఎన్విడియా కార్డయితే బజైట్‌లో దాని కోసం ఇచ్చే వేరే ఇమేజ్ దించుకోవాలి, పొరపాటున ఇంకొకటి దించితే రోజంతా వృథా. నెట్‌ఫ్లిక్స్ 4కె లినక్స్ బ్రౌజర్లో రాదు. సినిమాలకు టీవీలోని యాపే వాడుకోండి, అమ్మానాన్నలకు అలవాటైంది కూడా అదే.

ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు బజైట్‌లో ఇంకో ఆకర్షణ ఉంది. దాని సిస్టమ్ మొత్తం ఒక కంటైనర్ ఇమేజ్‌గా, గిట్‌హబ్‌లో ఆటోమేటిక్‌గా తయారవుతుంది. అంటే కంటైనర్‌ఫైల్ ఒకటి రాసి, మీకు కావాల్సిన ప్యాకేజీలు చేర్చి, మీ సొంత ఇమేజ్ కూడా మీరు తయారుచేసుకోవచ్చు. డెవ్‌ఆప్స్ ఉద్యోగంలో చేసే పనీ దాదాపు ఇలాంటిదే. రెజ్యూమెలో ‘లినక్స్ తెలుసు’ అని రాయడం కంటే ఆ రిపాజిటరీ లింకు పెట్టడం నయం. ప్రయోగాలు మాత్రం లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ మీద చేయండి. హాల్లో ఉన్నదాన్ని కదపకండి. బజైట్‌ని వేరే ఎస్‌ఎస్‌డీ మీద వేసుకుని, పాత విండోస్ డిస్కును కొన్నాళ్లు చెరపకుండా పక్కన పెట్టుకోండి.