‘పార్టు వస్తలేదు’

గోదావరిఖని చౌరస్తా దగ్గర ఒక స్పేర్ పార్టుల దుకాణం. కౌంటర్ మీద నేను పెట్టింది అర అంగుళం ఇనుప ముక్క, ఒక మూల అరిగిపోయి ఉంది. దుకాణమాయన దాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి చూసి, “గిది ఇప్పుడు వస్తలేదన్నా. మిషనే కొత్తది తీస్కోర్రి” అన్నాడు. తయారు చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే అదే మాట మర్యాదగా చెప్పారు: “సర్, ఆ మోడల్ డిస్‌కంటిన్యూ అయింది. ఇప్పుడు కొత్త మోడల్ మీద ఆఫర్ నడుస్తోంది.”

నా కొట్లాట ఆ ‘వస్తలేదు’ అనే మాటతో. వాన వస్తలేదు. కరెంటు వస్తలేదు. పార్టు వస్తలేదు. మూడింటికీ ఒకటే క్రియ. వాన రాకపోతే ఎవర్ని అడుగుతాం? ఆకాశం వైపు చూసి ఊరుకుంటాం. పార్టు విషయంలోనూ సరిగ్గా అట్లాగే ఊరుకుంటున్నాం. కానీ పార్టు మబ్బుల్లోంచి రాలేది కాదు కదా. ఎవరో ఒక గదిలో కూర్చుని, లెక్క చూసుకుని, “ఇక చెయ్యొద్దు” అని సంతకం పెట్టారు. ఆ సంతకం పెట్టిన మనిషి మన వాక్యంలోంచి మాయమైపోయాడు. భాష గురించి ఇంత మాట్లాడుకునే మనం ఈ కర్త ఎక్కడికి పోయాడని అడగమేం?

మిషన్ సంగతి చెప్పాలి. అది గడ్డి కోసే మిషన్, చేత్తో తోసేది. బొగ్గుబాయిల ఊర్లో లాన్ ఎక్కడిదని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లాన్లు ఆఫీసర్ల బంగళాల ముందు ఉంటాయి, కార్మికుల క్వార్టర్ల ముందు బట్టలారేసే తీగలుంటాయి. మా బాపు బాయిలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయనకి జీవితంలో లాన్ లేదు. ఆ మిషన్‌ని పాత ఇనుప సామాన్ల దుకాణంలో తూకానికి, ఇనుము రేటుకి కొన్నాడు. వానాకాలం వస్తే మా కాలనీ పిల్లలు క్రికెట్ ఆడే జాగాలో గడ్డి మోకాళ్ల దాకా పెరుగుతుంది, పాముల భయం. దాని కోసం.

ఈ రకం మిషన్‌ని 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన తయారుచేశాడు. బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీద నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి, దాన్నే గడ్డికి మళ్లించాడు. దాదాపు రెండు వందల ఏళ్లలో అసలు సూత్రం మారలేదు. మెలి తిరిగిన బ్లేడ్లున్న ఒక సిలిండర్, దాని కింద కదలని ఒక బ్లేడు, రెండూ కలిసి కత్తెర లాగా పనిచేస్తాయి. సరిగ్గా అమరిందో లేదో తెలియాలంటే మధ్యలో వార్తాపత్రిక ముక్క పెట్టి తిప్పుతారు, కాగితం శుభ్రంగా తెగాలి. చక్రం లోపల పళ్లుంటాయి. ఆ పళ్లు ఒక చిన్న పళ్లచక్రాన్ని తిప్పితే, అది సిలిండర్‌ని తిప్పుతుంది. ఆ రెండింటినీ కలిపేది ఒక చిన్న ఇనుప నాలుక. ముందుకు తోస్తే పట్టుకోవాలి, వెనక్కి లాగితే వదిలేయాలి. నేను కౌంటర్ మీద పెట్టింది ఆ నాలుకనే. అది అరిగితే చక్రాలు తిరుగుతాయి, బ్లేడ్లు తిరగవు. మిగతా మిషనంతా దిట్టంగా ఉన్నా మిషన్ చచ్చినట్టే.

“పాడు కాలె బిడ్డా, అరిగింది. అరుగుడు వేరు, పాడైపోవుడు వేరు” అన్నాడు బాపు.

ఆయన ఒక విరిగిన ఆకురాయి తీసుకున్నాడు. ఆకురాయి ఉక్కు చాలా గట్టిది. సాన మీద అరగదీసి, అదే కొలతకి తెచ్చి బిగించాడు. మూడో రోజు టక్కున విరిగింది. మామూలు ఇనుముతో ఇంకోటి చేసి చూశాడు, అది వారానికే అరిగింది. గట్టిదనం ఎక్కువైతే విరుగుతుంది, తక్కువైతే అరుగుతుంది. మళ్లీ ఆకురాయి ముక్కనే తీసుకుని, ఈసారి ఆకారం వచ్చాక మెల్లగా వేడి చేస్తూ రంగు చూశాడు. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా. ఊదా దగ్గర ఆపి చల్లార్చాడు. అది నిలిచింది.

ఇక్కడే మనవాళ్లు మొదలుపెడతారు. “ఎంత గొప్ప చేతులు! ఇదే కదా మన జుగాడ్!” ఈ వ్యాసాన్ని కూడా అట్లా చదవడానికి మీరు సిద్ధమైపోయారని నాకు అనుమానం. రిపేర్ చేసే ముసలాయన, నూనె మరకల చేతులు, సాయంత్రపు వెలుగులో ఒక ఫోటో. మనం రాసే వ్యాసాల్లో, పెట్టే పోస్టుల్లో ఈ బొమ్మ ఎన్నిసార్లు చూశాం? నేనూ రాశాను ఇట్లాంటివి, ఒప్పుకుంటున్నా. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ పొగడ్త కంపెనీకి చేసిన ఉచిత సేవ అని. ఒక అరుదైన పనితనం ఉంటేగానీ అర అంగుళం ముక్క దొరకని పరిస్థితి సిగ్గుపడాల్సింది. దానికి మనం చప్పట్లు కొడుతున్నాం. రిటైరైన మనిషి మూడు వారాలు కూలి లేకుండా చేసిన పనికి సంస్కృతి అని పేరు పెడుతున్నాం.

పైగా ఆ చేతులు ఎన్నాళ్లుంటాయి? 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేశారు. ఇప్పుడు సుమారు 40 వేలు. బొగ్గు మాత్రం తగ్గలేదు, 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. ఓపెన్ కాస్టులు, పెద్ద యంత్రాలు, కాంట్రాక్టు పనులు. ఇది మంచా చెడా అన్నది వేరే వ్యాసం. కానీ ఇంటికో ఫిట్టరో టర్నరో ఉండి, ఏది చెడినా లేత్ మీద పెట్టి చేసుకొచ్చే ఊరు రేపు ఉండదు. బాపు తర్వాత మా ఇంట్లో ఆ రంగులు చూడగలిగే కన్ను లేదు. నేను హైదరాబాద్‌లో కీబోర్డు కొట్టుకుంటున్నా.

సరే, ఆయన లేకుండానే బాగయ్యే వస్తువులు ఉన్నాయా? ఉన్నాయి, అదే మిషన్‌లో ఉన్నాయి. సిలిండర్‌కి అటూ ఇటూ రెండు బేరింగులు. వాటి మీద 6203 అని ఉంది. 6203 అంటే లోపల 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. ఏ దేశంలో, ఏ కంపెనీ చేసినా అదే కొలత. అదే దుకాణంలో అదే కౌంటర్ మీద రెండు నిమిషాల్లో ఇచ్చారు. బేరింగ్ ఎందుకు ‘వస్తోంది’, నాలుక ఎందుకు ‘వస్తలేదు’? బేరింగ్ కొలత అందరిదీ. నాలుక కొలత ఒక్క కంపెనీది. తేడా అంతే. ఇందులో విధి లేదు, కాలధర్మం లేదు.

కంపెనీల పక్షాన ఒక మంచి వాదన ఉంది, దాన్ని దాటేయను. ప్రతి పాత మోడల్‌కీ ప్రతి ముక్కనీ ఎన్నేళ్లు గోదాములో పెట్టుకోవాలి? నిజమే, శాశ్వతంగా పెట్టుకోమని ఎవరూ అనడం లేదు. యూరప్‌లో 2021 నుంచి అమలైన నియమాల ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా ఫ్రిజ్‌కి కనీసం 7 ఏళ్లు, వాషింగ్ మెషీన్‌కి 10 ఏళ్లు ముఖ్యమైన పార్టులు ఇవ్వాలి. ఆకాశం విరిగి మీద పడలేదు, కంపెనీలు మూతపడలేదు.

మన దగ్గర? కార్ల కంపెనీలు విడిభాగాలు బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదని కేసు వేస్తే, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కంపెనీలకి కలిపి 2,500 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. తర్వాత అది అప్పీళ్ల దారి పట్టింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ మీద ఒక కమిటీ వేసింది. అందులో వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఇంటి సామాన్లు, వాహనాలు చేర్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ వచ్చింది. పోర్టల్‌లో చేరడం కంపెనీల ఇష్టం. ఇష్టం మీద నడిచేదాన్ని హక్కు అనరు. అమెరికాలో ట్రాక్టర్లు, లాన్ మోవర్లు చేసే జాన్ డీర్ మీద రైతులు ఏళ్లుగా పోరాడితే, 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థే ఆ కంపెనీ మీద కోర్టుకెళ్లింది. మనకి ఇంకా ఇది ‘కస్టమర్ కేర్’ సమస్యగానే కనిపిస్తోంది.

నేను అడిగేది యూరప్ నియమం కన్నా చిన్నది. పార్టు చేయడం ఆపేస్తారా? ఆపండి. ఆపిన రోజున దాని డ్రాయింగ్ బయటపెట్టండి. కొలతలు, ఏ ఉక్కు, ఎంత గట్టిదనం. ఒక్క కాగితం. మన చట్టంలో పేటెంట్ బతికేది 20 ఏళ్లు, డిజైన్ రిజిస్ట్రేషన్ ఎక్కువలో ఎక్కువ 15 ఏళ్లు. అవీ అయిపోయి, మీరూ చేయక, ఇంకొకర్నీ చేయనివ్వక, ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం వల్ల మీకు మిగిలేది ఒకటే: మా మిషన్ తూకానికి పోవడం, మీ కొత్త మోడల్ అమ్ముడవడం.

రామగుండంలో 62.5 మెగావాట్ల పాత థర్మల్ కేంద్రం 1971లో మొదలై 2024లో మూతపడింది. యాభై ఏళ్లకి పైగా. ఏ యంత్రమూ తనంతట తాను అన్నేళ్లు తిరగదు, ఎన్నోసార్లు విప్పి బిగించిన చేతులుండాలి, ఆ చేతుల్లో డ్రాయింగులుండాలి. కరెంటు కేంద్రానికి చెల్లే మాట గడ్డి మిషన్‌కి ఎందుకు చెల్లదు?

బాపు ఊరుకోలేదు. పాత క్యాలెండర్ వెనక ఆ నాలుక బొమ్మ గీశాడు. మూడు వైపుల నుంచి, పెన్సిల్‌తో, వెర్నియర్‌తో కొలిచి అంకెలు వేశాడు. “ఫోన్ల ఫోటో తీసి పెట్టు బిడ్డా, ఎవనికన్న పన్కొస్తది” అన్నాడు. తీశాను. కొలతలన్నీ ఉన్నాయి. కింద ‘హార్డ్‌నెస్’ అని రాసి, పక్కన గడి ఖాళీగా వదిలేశాడు. ఆయన రంగు చూసి ఆపాడు, అంకె ఆయనకి తెలియదు.

ఆ అంకె కంపెనీ బీరువాలో ఉంది.