రోగికి మందు, భార్యకు ఉపదేశమా?

డయాలసిస్ కేంద్రం బయట బెంచీల మీద ఎవరు కూర్చుంటారో గమనించారా? లోపల మంచం మీద మగవాడు ఉంటే బయట భార్య ఉంటుంది, ఒళ్ళో టిఫిన్ క్యారియరు, చేతిలో రిపోర్టుల సంచీతో. లోపల స్త్రీ ఉంటే బయట తల్లో, అక్కో, బడి మానేసిన కూతురో ఉంటుంది. మినహాయింపులు లేవని అనను. భార్య పక్కన కూర్చుని కాళ్ళు పట్టే భర్తలనూ చూశాను. కానీ వాళ్ళను ఊరంతా మెచ్చుకుంటుంది. అదే పని చేసే భార్యను ఎవరూ మెచ్చుకోరు. ఆమె ధర్మం కదా!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చేస్తోంది. దానికి కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల వల్ల డయాలసిస్ పేదలకూ అందింది. ఇవి చిన్న విషయాలు కావు. అయితే ఈ ఏర్పాట్లన్నీ మూత్రపిండాన్ని చూస్తాయి. ఆ జబ్బుతో కాపురం చేస్తున్న ఇద్దరు మనుషులను చూసేవారు లేరు.

దీర్ఘవ్యాధి అంటే ఒకనాటితో పోయేది కాదు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం పక్కన గడపాలి. నీళ్ళు కొలిచి తాగాలి. ఉప్పు తగ్గించాలి. కూరగాయలు తరిగి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండాలి. ఈ పట్టికంతా ఎవరి చేతికిస్తారు? ‘అమ్మా, ఆయన్ని జాగ్రత్తగా చూసుకో’ అని భార్య చేతికే. చికిత్స ఉచితం కావచ్చు, కానీ ఆమె పోగొట్టుకున్న కూలి ఏ లెక్కలోకీ రాదు. సంపాదన ఆగిపోయిన మగవాడి అవమానం కోపంగా మారి ఆమె మీదే పడుతుంది. జబ్బుపడింది ఆమె అయితే, నెలసరి గతి తప్పినా, గర్భం ప్రమాదమైనా, కోరిక చచ్చిపోయినా చెప్పుకునే చోటు ఉండదు. దిగులు, చావు భయం ఇద్దరికీ ఉంటాయి. ఒకరికొకరు చెప్పుకోరు.

అందుకే కౌన్సెలింగ్ కావాలంటున్నాను. ఈ మాట వింటే మనలో చాలామందికి ఒళ్ళు మండుతుంది. దానికి కారణం ఉంది. మహిళా పోలీసుస్టేషన్లలో, కుటుంబ సలహా కేంద్రాల్లో కౌన్సెలింగ్ అంటే రాజీ అని అర్థం. ‘సర్దుకుపోవమ్మా’ అని చెప్పి ఇంటికి పంపడం. ఇక్కడ దానికి ఇంకొకటి తోడవుతుంది: ‘జబ్బు మనిషి, ఒక మాటంటే పడలేవా?’ ఇలాంటి కౌన్సెలింగ్ ఆసుపత్రిలోకి వస్తే భార్యను జీతం లేని నర్సుగా తయారు చేసే శిక్షణే అవుతుంది.

జబ్బును ఒకరి సమస్యగా గాక ఇద్దరి సమస్యగా చూడటం దంపతులు నేర్చుకోవాలని అమెరికాలో జాన్ రోలాండ్ వంటి మనోవైద్యులు 1990లలోనే చెప్పారు. మంచి మాటే. కానీ మన ఇళ్ళలో భర్త జబ్బు ‘మనది’, భార్య జబ్బు ‘దానిది’. ఈ తేడా మనకే పరిమితం కాదు. 2009లో అమెరికాలో 515 మంది రోగులపై వెలువడిన ఒక అధ్యయనంలో, భార్య తీవ్రవ్యాధికి గురైనప్పుడు 20.8 శాతం జంటలు విడిపోతే, భర్త గురైనప్పుడు విడిపోయినవి 2.9 శాతమే. మన దగ్గర విడాకుల దాకా పోనక్కర్లేదు. పుట్టింటికి పంపేస్తే చాలు. చట్టం కూడా తక్కువ తినలేదు. పూర్తిగా నయమయ్యే కుష్ఠువ్యాధిని విడాకులకు కారణాల నుంచి తీసేయడానికి 2019 దాకా పట్టింది.

ఇక అవయవాల సంగతి. 1995 నుంచి 2021 దాకా మన దేశంలో 36,640 అవయవ మార్పిడులు జరిగితే, అవయవం పొందిన స్త్రీలు 6,945 మంది మాత్రమే. బతికుండగా ఇచ్చేవాళ్ళలో మాత్రం అత్యధికులు స్త్రీలే. భర్తకు కిడ్నీ ఇచ్చే భార్య ప్రేమతో ఇస్తోందా, దారిలేక ఇస్తోందా? పదిమంది ముందు అడిగితే ఏం చెబుతుంది? అందుకే 2014 నాటి నిబంధనలు స్త్రీ దాత విషయంలో మరింత జాగ్రత్త అవసరమన్నాయి. ఆమె స్వతంత్ర సమ్మతిని అవయవం పొందే వ్యక్తి గాక మరొకరు నిర్ధారించాలన్నాయి. అంటే, కుటుంబం పక్కనుంటే స్త్రీ మాట ఆమె మాటగా ఉండకపోవచ్చని చట్టమే ఒప్పుకుంది. ఆపరేషన్‌కు ముందు ఒక్కసారి ఒప్పుకున్న ఆ సూత్రాన్ని జబ్బుతో గడిపే ఏళ్ళన్నిటికీ వర్తింపజేయమనే నేను అడిగేది.

ప్రతి డయాలసిస్ కేంద్రంలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్, తలుపు వేసుకోగల ఒక గది ఉండాలి. ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడాలి, తర్వాతే కలిపి. ఆమె చెప్పింది ఆమె అనుమతి లేకుండా భర్తకు చేరకూడదు. ఆహార పట్టిక ఇచ్చేటప్పుడు భర్తనూ కొడుకునూ కూడా కూర్చోబెట్టి, వంట ఎవరిది, ఆసుపత్రికి తోడు ఎవరు, ఆమెకు విశ్రాంతి ఎప్పుడు అన్నది తేల్చాలి. ఇంట్లో హింస ఉంటే కలిపి కూర్చోబెట్టనే కూడదు. ముందు ఆమె భద్రత చూడాలి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. అయితే ఒక్క గది ఇంట్లో, భర్త మంచం పక్కనుండి, ఆయన గురించే ఫోన్‌లో ఎలా మాట్లాడుతుంది? మన సంఘాల ఆఫీసుల్లో ఆ ఫోన్ చేసుకునే వీలు కల్పించడం మన చేతిలో పనే.

కౌన్సెలింగ్ మీద మన అనుమానం న్యాయమైనదే. కానీ మనం వద్దన్నంత మాత్రాన అది ఆగిపోదు. మనం తప్పుకుంటే ఆ కుర్చీలో ఓర్పును బోధించేవాళ్ళు వచ్చి కూర్చుంటారు. కాబట్టి దాని నియమాలు రాసే దగ్గర మనం ఉండి తీరాలి.