పొట్లం చిక్కిన సంగతి ఎవరు చెప్పాలి?

పది రూపాయల బిస్కెట్ పొట్లం ఏళ్ల తరబడి పది రూపాయలకే దొరుకుతుంది. పేరు మారదు, రంగు మారదు, బొమ్మ మారదు. లోపలి బిస్కెట్లు మాత్రం తగ్గుతూ పోతాయి. పిల్లలకు పంచుతున్న తల్లికి ఒకనాడు ఒక బిస్కెట్ తక్కువ పడినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు. ధర పెంచకుండా సరకు తగ్గించే ఈ పద్ధతిని ‘ష్రింక్‌ఫ్లేషన్’ అంటున్నారు. మన కుటుంబాలలో కొనేవారే కాక కిరాణా దుకాణాలు, బేకరీలు నడిపేవారూ అనేకులు ఉన్నారు గనుక, ఈ నెల దీనిని గురించి ముచ్చటించదలిచాము.

ముందుగా తయారీదారుల పక్షాన చెప్పవలసినది చెప్పాలి. గోధుమ, నూనె, చక్కెర ధరలు వారి చేతిలో ఉండవు. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని నిలిపివేసింది. నెల తిరగకముందే నిషేధం ఎత్తివేసినా, ఆ కొద్ది వారాలు మన దేశపు నూనె వ్యాపారులకు కంటి మీద కునుకు లేదు. పైగా ఐదు, పది అన్నవి ధరలే కాదు, నాణేలు కూడా. ఆరున్నర రూపాయల పొట్లానికి చిల్లర ఎక్కడ తేవాలి? చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టే దుకాణదారుని ఇబ్బంది మనకు తెలియనిది కాదు. కాబట్టి ధరను కదల్చకుండా బరువును కదల్చడాన్ని మేము తప్పుపట్టము.

అయితే లెక్క ఒకసారి చూడాలి. 100 గ్రాముల పొట్లం 80 గ్రాములైతే 20 శాతం పోయిందనుకుంటాము. కాని మునుపటి 100 గ్రాములే కావాలంటే ఇప్పుడు పన్నెండున్నర రూపాయలు పెట్టాలి. అంటే ధర 25 శాతం పెరిగినట్లు. ఆ మాట పైకి చెబితే కొనేవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. బరువు తగ్గిస్తే ఆగడు. అతడు ఆగకపోవడం మీదే ఈ వ్యూహమంతా నిలబడి ఉంది.

‘బరువు ముద్రించాము కదా’ అన్నది వారి సమాధానం. నిజమే. 80 అని ముద్రించిన పొట్లంలో 80 గ్రాములు ఉన్నంతవరకు అది దొంగతూకం కాదు. దివ్యఖురాన్‌లో కొలతలలో తగ్గించేవారి పేరిటే ‘ముతఫ్ఫిఫీన్’ అనే అధ్యాయం ఉంది. ఇక్కడ తక్కెడ సరిగానే ఉంది గనుక, మనకు గుర్తుకు రావలసినది మదీనా బజారులోని ధాన్యపు రాశి. దైవప్రవక్త (స) ఆ రాశిలోకి చేయి పోనిస్తే వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు విన్నవించుకున్నాడు. తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ఆ ఉదంతంలో తూకం ప్రస్తావనే లేదు. అడగగానే ఆ వ్యాపారి కారణం చెప్పాడు. వాన అతని చేతిలోనిదీ కాదు. తడి అడుగున ఉంది, అంతే.

పొట్లం మీద ఒక మూల చిన్న అక్షరాలలో మారిన అంకె కూడా అటువంటి తడే. పెద్ద అక్షరాలు వేయడం వారికి చేతకాదనుకుందామా? బరువు పెంచినప్పుడు ‘20 శాతం అదనం’ అని పొట్లం నుదుటనే పట్టీ వేస్తారు. చదువురాని వారికి కూడా అది కనబడుతుంది. తగ్గించినప్పుడు ఆ పట్టీ ఏమైపోతుంది?

2016లో బ్రిటన్‌లో టోబ్లెరోన్ చాక్లెట్ ముక్కల మధ్య ఖాళీలు వెడల్పు చేసి, 400 గ్రాముల పలకను 360 గ్రాములకు దించారు. జనం నవ్వారు, కోపగించుకున్నారు. ఫ్రాన్స్‌లో కార్ఫూర్ అనే పెద్ద దుకాణాల సంస్థ 2023 సెప్టెంబరులో, ఇలా చిక్కిపోయిన సరకుల దగ్గర ఆ సంగతి తెలిపే చీటీలు అంటించింది. 2024 జూలై 1 నుండి ఆ దేశంలో పెద్ద దుకాణాలన్నింటికీ అటువంటి చీటీ తప్పనిసరి అయింది. ఒక కాగితం ముక్క ఖర్చు.

మన దుకాణాల సంగతి చూద్దాము. రంజాన్‌లో మాంసం ధర పెరిగితే హలీమ్ గిన్నె చిన్నది చేయాలనిపిస్తుంది. బేకరీ సోదరునికి బన్ను పరిమాణం తగ్గించక తప్పని రోజు వస్తుంది. ‘చెబితే గిరాకీ పోతుంది, పక్క దుకాణం వాడు చెప్పడం లేదు కదా’ అంటారు. కొందరు పోతారన్నది వాస్తవమే. పోరని మేము భరోసా ఇవ్వలేము. కాని ఇంటిల్లిపాదీ ఏళ్లుగా వచ్చే ఖాతాదారు బన్ను చిన్నదైన సంగతి తానే కనిపెట్టిన రోజున, దుకాణదారుని ముందు ఏమీ అనడు. ఆ తరువాత అతడు తీసుకునే ప్రతి వస్తువునూ చేతిలో పట్టుకుని బరువు చూస్తాడు. నిన్నటి వరకు అడగకుండానే నమ్మిన మనిషి అతడు.

బోర్డు పెట్టదలచిన వారికి పెద్ద భాష అక్కరలేదు. ‘మాంసం ధర పెరిగింది. గిన్నె 350 గ్రాముల నుండి 300కు తగ్గించాము. ధర పాతదే.’ ఈ మూడు ముక్కలు తెలుగులోనూ, మీ వాడలో ఉర్దూ చదివేవారుంటే ఉర్దూలోనూ రాయించి, డబ్బు తీసుకునే గల్లాపెట్టె పైన కంటికి ఎదురుగా కట్టండి. గల్లాపెట్టె వెనుక గోడకు వద్దు. డబ్బు ఇచ్చేవాడు అటు చూడడు.