గోడ సంగతి సరే, నేల ఎవరిది?

కాంక్రీటు పలకలను ఫ్యాక్టరీలో పోతపోసి, ట్రెయిలర్ మీద తెచ్చి, క్రేనుతో ఎత్తి అతికించి అంతస్తులు లేపే పద్ధతిని గురించి మన మేధావులలో రెండు వాదాలు బయలుదేరినాయి. పాత బస్తీల అందాన్ని ఈ అగ్గిపెట్టెలు మింగేస్తున్నాయన్నది ఒకటి. ఇళ్ల కరువుకు ఇదే సర్వరోగనివారిణి అన్నది రెండవది. అభ్యుదయవాదులు ఈ రెండింటిలో దేనినీ నెత్తికెత్తుకోనక్కరలేదని నా వాదం. ఎందుచేతనంటే రెండూ గోడను చూస్తున్నవే గాని, దాని కింది నేలను చూడటం లేదు.

కృష్ణానగర్‌నే తీసుకుందాం. అమీర్‌పేట, పంజగుట్టలకు దగ్గరగా ఉన్న ఈ బస్తీ దశాబ్దాలుగా సినిమా కూలీల ఊరు. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్రైవర్లు, వేషం కోసం పల్లెలు విడిచి వచ్చిన కుర్రవాళ్లు ఇక్కడి గదులలో అద్దెకుంటారు. ఒక గదిలో నలుగురు సర్దుకోవటం వింత కాదు. దీనిని అందమని మురిసిపోవటం ఆ గదిలో పడుకోనివాడికే సాధ్యం. ఇరుకును సంస్కృతి అని పొగిడేవాడికీ, దరిద్రాన్ని కర్మ అని సమర్థించేవాడికీ తేడా ఎంత?

ఇక రెండవ వాదం. పలకను నేను దూషించను. 1954 డిసెంబరులో క్రుశ్చేవ్ నిర్మాణ రంగం వారి సభలో అలంకారాల దుబారాను ఎండగట్టి, ఫ్యాక్టరీ భాగాలతో ఇళ్లు కట్టమన్నాడు. 1957 తీర్మానం తరువాత లేచిన అయిదంతస్తుల ఇళ్లు కోట్లాది జనాన్ని ఉమ్మడి వాటాలలో నుంచి సొంత తలుపు గల ఇంటికి చేర్చినాయి. అవి బోడిగా ఉన్నాయని మనం నవ్వవచ్చు. ఆ తలుపుకు లోపలి గొళ్లెం పెట్టుకున్నవాడు నవ్వి ఉండడు. కాని ఆ ఘనత పలక ఒక్కదానిదే కాదు. అక్కడ నేల అంగడి సరుకు కాదు.

మన దగ్గర నేల సరుకు. పైగా పలకకు ఒక స్వభావం ఉన్నది. ఒకే అచ్చును వందలసార్లు వాడితేనే అది చవక. ట్రెయిలర్ తిరగటానికీ, క్రేను నిలవటానికీ విశాలమైన జాగా కావాలి. కృష్ణానగర్ వంటి ఇరుకు సందులలో అది సాగదు. కనుక దానికి రెండే దారులు: చిన్న ప్లాట్లన్నీ కలిపి బస్తీని చదును చేయటం, లేదా ఊరి బయటకు పోవటం.

మొదటి దారిలో యజమానీ బిల్డరూ డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రాసుకుని ఫ్లాట్లు పంచుకుంటారు. ఏళ్ల తరబడి అద్దె కట్టినవాడి పేరు ఆ కాగితంలో ఉండదు. సామాను సర్దుకోవటమే అతని వాటా.

రెండవ దారి కొల్లూరులో చూశాము. అక్కడి గోడలు ఫ్యాక్టరీ నుంచి రాలేదు, అక్కడికక్కడే అచ్చులు బిగించి పోసినవి. సూత్రం మాత్రం అదే. 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇల్లు మంచిదే. కాని తెల్లవారకముందే కృష్ణానగర్‌లో షూటింగు బండి ఎక్కవలసిన మనిషికి, ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరం కూలిలో కోతే. పెట్టుబడి ఇళ్ల సమస్యను పరిష్కరించదు, మరొక చోటికి నెడుతుందని ఎంగెల్స్ 1872లోనే వాదించాడు.

ఉన్నచోటనే కట్టటం చేతకాదా? 2015 నవంబరులో సికింద్రాబాదు ఐ.డి.హెచ్. కాలనీలో, పాత నివాసుల చోటనే 396 ఇళ్లు కట్టి ఇచ్చారు. అయినా గ్రేటర్ హైదరాబాదుకు తలపెట్టిన లక్ష ఇళ్లలో అటువంటివి పదోవంతు లోపే. కారణం వేలంపాటలో వినవచ్చు: కొల్లూరు ప్రారంభమైన రెండు నెలల లోపే, 2023 ఆగస్టులో, కోకాపేట ప్రభుత్వ భూమి ఎకరం 100 కోట్లు దాటింది.

కనుక మన నినాదం కాంక్రీటు వద్దని కాదు. బస్తీని తిరిగి కడితే అద్దెదారుకు అదే చోట, అతను భరించగల అద్దెకు హక్కు ఉండాలి. నగరంలో మిగిలిన ప్రభుత్వ భూమి వేలానికి కాదు, కష్టజీవి ఇంటికి పోవాలి. వీటికి ఒప్పుకుంటే పలక గోడను నేనే ముందుగా ఆహ్వానిస్తాను. ఒప్పుకోనివారు పాత పెంకుల కోసం కన్నీరు కార్చినా, కొత్త యంత్రాన్ని కీర్తించినా, వారు నిలబడింది నేల అమ్ముకునేవాడి పక్షాననే.