ఒంటికి దగిన బ్రా



పట్టుచీర కొనునపుడు నాలుగు దుకాణములు తిరిగి అంచును, రంగును, నేతను పరీక్షింతుము. రవిక చంకలో కొంచెము బిగిసినను దర్జీకి తిరిగి పంపుదుము. దినమంతయు ఒంటి నంటియుండు బ్రాను మాత్రము, ఎవరైన విందురేమో యను సిగ్గుతో, నోటికి వచ్చిన నంబరు చెప్పి పొట్లము కట్టించుకొని వత్తుము. భుజములపై ఒరపిడి, రొమ్ముల క్రింద చెమటపొక్కులు, సాయంకాలమునకు మెడనొప్పి – ఇవన్నియు ఆడుపుట్టుకకు సహజములని ఓర్చుకొందుము. నేనును పదేండ్లు అట్లే ఓర్చితిని. టేపు చేతబట్టిన నాడు గదా నేను ధరించునది నా కొలతయే కాదని తెలిసినది!

నిజమునకు ఈ వస్త్రము పుట్టినదే సౌఖ్యము కొరకు. న్యూయార్కులో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అను యువతి, నడుమును ఎదను బిగించు కార్సెట్టు ధరింపలేక, రెండు చేతిరుమాళ్లను రిబ్బనుతో కలిపి కుట్టించుకొని, 1914లో దానికి పేటెంటు పొందినది.

కొలుచు విధము సులభము. టేపును రొమ్ముల క్రింద నేలకు సమాంతరముగా చుట్టి, ఊపిరి విడిచి, కొంచెము బిగువుగా కొలువవలెను. దానికి దగ్గరనున్న సరిసంఖ్యయే చుట్టుకొలత. పిమ్మట రొమ్ముల మిక్కిలి యెత్తైన చోట వదులుగా కొలువవలెను. ఈ రెండవది మొదటిదానికంటె 1 అంగుళము హెచ్చైన ఏ, 2 ఐన బి, 3 ఐన సి, 4 ఐన డి కప్పు. చుట్టు 34, ఎద 36 ఐనచో 34బి యన్నమాట. కొన్ని కంపెనీల లెక్క వేరుగా నుండును గావున, వారి పట్టికను చూచి కొనవలెను.

తొడిగి చూచుటయే తుదిపరీక్ష. క్రొత్తదానిని మిక్కిలి వదులైన చివరి కొక్కెమునకు పెట్టుకొనుడు. సాగినకొలది లోపలికి మార్చుకొనవచ్చును. చుట్టుపట్టీ క్రింద రెండు వ్రేళ్లు దూరవలెను. చేతులెత్తినను అది వీపుమీదికి ప్రాకరాదు. బరువు ముఖ్యముగా మోయవలసినది ఈ పట్టీయే గాని భుజములు గావు. కప్పు అంచున రొమ్ము పొంగినచో కప్పు చిన్నది. ముడుతలు పడినచో పెద్దది.

ఒక్క సంగతి మరువరాదు. 36బి చుట్టు వదులైనచో 34బి కొన్న కప్పు చాలదు, 34సి కొనవలెను. నంబరు తగ్గినపుడు అక్షరము పెరుగవలెను. నేను ఇన్నాళ్లు చేసిన పొరపాటిదియే.

గర్భిణులును బాలింతలును తప్పక మరల కొలుచుకొనవలెను. పాలిచ్చు తల్లికి బిగువైన బ్రా వలన పాలనాళములు మూసికొని గడ్డలు కట్టవచ్చును.

ఎదుగుచున్న కూతురు గల తల్లులారా! ఒకనాడు తలుపు వేసి, టేపు తీసి, ఆమెకు కొలుచుకొను విధము నేర్పుడు. మనము పడిన బాధ మన బిడ్డలు పడనక్కరలేదు.