పులికాట్ ఒడ్డున మొదటి అవకాశం

2020 తర్వాత ఆగిపోయిన ఫ్లెమింగో ఫెస్టివల్ 2025 జనవరిలో సూళ్లూరుపేటలో మళ్లీ జరిగింది. మూడు రోజులు జనం తరలివచ్చారు. నేలపట్టులో గూడబాతుల్ని చూశారు, భీమునివారిపాలెంలో పడవ ఎక్కారు, సాయంత్రాలు వేదిక ముందు కూర్చుని పాటలు విన్నారు. ఆ తర్వాత స్టాళ్లు విప్పేశారు. అక్టోబరులో మొదలై మార్చి దాకా సాగే పక్షుల రుతువుకు మూడు రోజుల పండగ చేసి సరిపెట్టుకుంటున్నాం. పండగ వద్దని కాదు, ఆగిపోయినదాన్ని నిలబెట్టినందుకు సంతోషమే. అయితే ఆ ఖర్చులోనే ఒక చిన్న వాటా పక్కన పెట్టాలి. ఏటా ఒక కొత్త క్యూరేటర్‌ను బహిరంగ ప్రకటన ద్వారా ఎంపిక చేసి, పులికాట్ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లలో మూడు నెలలు నిలిచే కళాప్రదర్శన తయారుచేసే పని వాళ్లకు అప్పగించాలి. ఇప్పటికే పేరున్నవాళ్లకు కాదు, ఇంతవరకు పెద్ద ప్రదర్శన చేసే వీలు దొరకనివాళ్లకు.

మనకు కొరత కళాకారులది కాదు. తిరుపతి జిల్లాలోనే శ్రీకాళహస్తి కలంకారీ ఉంది, వెంకటగిరి మగ్గం ఉంది, మాధవమాలలో కొయ్య బొమ్మలు చెక్కే కుటుంబాలున్నాయి, తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్పకళా సంస్థ ఉంది. పొరుగున కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. లేనిదల్లా వీళ్ల పనిని ఒక ఆలోచన చుట్టూ చేర్చే మనిషి. అంశం ఎంచుకోవడం, దాని మీద చదవడం, తగిన కళాకారుల్ని వెతకడం, కొత్త పనులు చేయించడం, చోటిచ్చేవాళ్లను ఒప్పించడం, ఏ బొమ్మ పక్కన ఏది ఉంటే చూసేవాళ్లకు ఏం తడుతుందో ఊహించడం, బొమ్మ కింద నాలుగు తేట వాక్యాలు రాయడం, మేకులు కొట్టినవాళ్లకు కూలి లెక్క తేల్చడం, ఇదంతా క్యూరేటర్ పనే. ఇది పుస్తకాలతో వచ్చే విద్య కాదు. మొదటి ప్రదర్శన చేస్తేనే వస్తుంది, అనుభవం లేనివాళ్లకు ఆ మొదటి ప్రదర్శన ఎవరూ ఇవ్వరు. హైదరాబాద్‌లో ప్రైవేటు గ్యాలరీలు, మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఉన్నాయి కాబట్టి అక్కడ ఎవరో ఒకరి దగ్గర చేరి నేర్చుకోవచ్చు. చిత్తూరు, తిరుపతి పిల్లలకు ఆ దారి లేదు. మనవైపు ప్రభుత్వం కళను తలచుకుంటే స్టాలు ఇస్తుంది, కాదంటే గోడకు రంగులేయమంటుంది. జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ తెచ్చిన కలంకారీ కూడా స్టాలులో దుపట్టా ధర దగ్గరే ఆగిపోతుంది. అమ్మకం అవసరమే, అది కుటుంబాల తిండి. కానీ ఆ బట్ట ఏ నీళ్లలో ఉతికితే ఆ రంగు తేలిందో స్టాలు చెప్పలేదు.

పులికాట్ దగ్గర చెప్పవలసింది కొండంత ఉంది. కలంకారీ బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి, ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన నలుపుతో గీసి, మధ్యమధ్య పారే నీళ్లలో ఉతుకుతారు. శ్రీకాళహస్తి కళాకారులకు ఆ నీళ్లు స్వర్ణముఖివి. ఆ స్వర్ణముఖే పులికాట్‌కు ఉత్తరపు కొసన నీరందిస్తుంది. వాయవ్యం నుంచి కాళంగి, దక్షిణాన ఆరణి వచ్చి కలుస్తాయి. అంటే కలంకారీ రంగుకూ సరస్సు చేపకూ ఆధారం ఒకే నీరు. ఇక సరస్సుకు పేరిచ్చిన పులికాట్ ఊళ్లో డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. కోరమాండల్ తీరంలో చాలాకాలం వాళ్ల ముఖ్య స్థావరం అదే. ఈ తీరపు అద్దకం బట్టలు, గళ్ల బట్టలు ఓడల్లో ఆగ్నేయాసియా దీవులకు పోయేవి, వాటికి బదులుగా లవంగాలు, జాజికాయలు కొనేవారు. కోరమాండల్ బట్టలు ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. వాటి ఫొటోలైనా తమ ఊళ్లో చూసుకునే హక్కు సూళ్లూరుపేట, తడ బడిపిల్లలకు లేదా? దగ్గరి చరిత్ర ఇంకా ఉంది. శ్రీహరికోట నుంచి 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. అక్కడికి పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది, దానివల్ల నీటి కదలిక దెబ్బతిన్నదని పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడుకుపోతే సముద్రపు నీరు లోపలికి రాదు, చేపా రొయ్యా తగ్గుతాయి, వల వేసేవాళ్లు వలసబాట పడతారు. చంద్రగిరి కొండల నుంచి రాయదొరువు దాకా నీటి ప్రయాణాన్ని ఒకే పొడవాటి కలంకారీ బట్ట మీద గీయించి, ఆ నీటి మీద బతికేవాళ్ల మాటలు పక్కన పెట్టి చూపిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఈ ప్రాంతమంతా కొన్ని నెలలపాటు తిరిగి, విని, చదివిన యువతీయువకులకు అసాధ్యమైన పనేమీ కాదది.

కొత్తవాళ్లే ఎందుకు, అనుభవజ్ఞుల్ని పిలవవచ్చు కదా అని అడుగుతారు. పేరున్న క్యూరేటర్ చేతిలో ఏడాదికి పది పనులుంటాయి, పులికాట్‌కు దక్కేది కొద్ది రోజులే. కొత్తవాళ్ల దగ్గర ఉన్న పెట్టుబడి సమయం. ఇరకం దీవికి పడవలో నెలనెలా పోయి కూర్చోగలిగింది వాళ్లే. కొచ్చి-ముజిరిస్ బినాలే సంగతి చూడండి. 2012 డిసెంబరు 12న దాన్ని మొదలుపెట్టిన బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము ఇద్దరూ కళాకారులు. అంత పెద్ద బినాలే నడిపిన అనుభవం అప్పటికి వాళ్లకు లేదు. ప్రభుత్వ నిధుల మీద పెద్ద రగడే జరిగింది, ప్రదర్శన మాత్రం నిలబడింది. 2014లో ఆ బినాలే సంస్థే స్టూడెంట్స్ బినాలే మొదలుపెట్టి, యువ క్యూరేటర్లను దేశంలోని ఆర్ట్ కాలేజీలకు పంపి, వాళ్లు ఎంచిన విద్యార్థుల పనులకు కొచ్చిలో చోటిచ్చింది. మొదటి అవకాశాన్ని ఒక పద్ధతిగా మార్చవచ్చని అది చూపించింది. నీటి ఒడ్డున చేసిన పనికీ ఉదాహరణ ఉంది. 2011లో ఢిల్లీలో యమున, జర్మనీలోని హాంబర్గ్‌లో ఎల్బే, ఈ రెండు నదుల మీద జంటగా బహిరంగ కళాప్రదర్శన జరిగింది. ఢిల్లీ వైపు దాన్ని నడిపిన రవి అగర్వాల్ ఫొటోగ్రాఫరే కాదు, పర్యావరణ కార్యకర్త కూడా. జపాన్‌లో 2000లో ఎచిగో-త్సుమారి కొండపల్లెల్లో, 2010లో సెటోఉచి దీవుల్లో మొదలైన ఉత్సవాలు వయసు మళ్లినవాళ్లే మిగిలిన ఊళ్లకు మనుషుల్ని తిరిగి రప్పించాయి.

గట్టి అభ్యంతరం పక్షుల నుంచి వస్తుంది. పులికాట్ అభయారణ్యం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చే చోటు. అక్కడ ఇనుప బొమ్మలు పాతితే, రాత్రి దీపాలు పెడితే, డ్రోన్లు ఎగరేస్తే అది కళ పేరుతో చేసే నేరం. అందుకే నీటిలో, బురదలో, గూళ్ల చుట్టుపక్కల ఏదీ ఉండకూడదన్నది మొదటి షరతు కావాలి. ప్రదర్శనకు చోట్లు వేరే ఉన్నాయి: సూళ్లూరుపేట బస్టాండు, రైల్వే స్టేషను, తుపాను షెల్టర్లు, బడి గోడలు, పడవల రేవులో నీడ ఉన్న మూల, అటకానితిప్పలోని పర్యావరణ విజ్ఞాన కేంద్రం. నిజానికి మూడు రోజుల్లో వేలమంది ఒక్కసారిగా వచ్చిపడే పండగ కన్నా మూడు నెలల్లో కొద్దికొద్దిగా వచ్చే జనంతో పక్షులకు ఒత్తిడి తక్కువ. నేలపట్టు ఊరివాళ్లు గూడబాతుల్ని తరాలుగా కాపాడుకొస్తున్నారు, వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు అని వాళ్లకు తెలుసు. ఆ తెలివిని పక్కన పెట్టి వేసే ఏ పథకమూ నాకు సమ్మతం కాదు. అంతిమ మాట అటవీ శాఖదీ ఆ ఊరివాళ్లదీ కావాలి.

రెండో ప్రశ్న ఇంకా బరువైనది. ముఖద్వారాలు పూడిపోయి మత్స్యకారులు అల్లాడుతుంటే బొమ్మలకు డబ్బా? పూడిక తీసే డబ్బును ఇటు మళ్లించమంటే ఆ ప్రశ్న న్యాయమే. నేనడిగేది వేదికకు, లైట్లకు ఇప్పటికే పెడుతున్న ఖర్చులో నూటికి ఐదు రూపాయలు. అయినా ప్రశ్న అక్కడితో తీరదు. యానాదుల వేట, పట్టపువాళ్ల వలలు అందమైన నేపథ్యంగా ఫొటోలకెక్కి, డబ్బూ పేరూ నగరంవాళ్లకు పోతే ఈ ప్రయత్నం ఓడినట్లే. కాబట్టి తమ కథ, తమ పనితనం ఇచ్చిన ప్రతివాళ్లకూ రోజు కూలి కాక కళాకారుడికిచ్చే పారితోషికమే ఇవ్వాలని ఒప్పందంలో రాయాలి. పులికాట్ మత్స్యకారుల్లో ‘పాడు’ అనే కట్టుబాటు తరాలుగా ఉంది. సరస్సులో ఎవరు ఎక్కడ వల కట్టాలో చీటీలు వేసి, వంతులవారీగా తేల్చుకుంటారు. మంచి చోటు ఏ ఒక్కరికీ శాశ్వతం కాదు. క్యూరేటర్ అవకాశం కూడా అలాగే చేతులు మారాలి, ఒకసారి చేసినవాళ్లకు రెండోసారి ఇవ్వకూడదు. అయితే పాడు వంతు అన్ని కులాలకూ దక్కదు, ఆ విషయమై సరస్సు మీద తగవులూ వచ్చాయి. ఆ గిరి మన పద్ధతిలోకి రాకుండా చూసుకోవాలి.

అనుభవం లేనివాళ్లు మధ్యలో చేతులెత్తేస్తే ఎలా అన్న భయానికి విరుగుడు ఎంపిక పద్ధతిలోనే ఉంది. మొదట నలుగురిని ఎంచి, సరస్సు చుట్టూ తిరిగి ప్రతిపాదన రాయడానికి తలా కొంత మొత్తం ఇవ్వాలి. ఆ నలుగురిలో ఒకరికి ప్రదర్శన దక్కుతుంది, మిగతా ముగ్గురికి పరిశోధనైనా మిగులుతుంది. ఎంపిక సంఘంలో ఒక సీనియర్ కళాకారుడు, ఒక పక్షి శాస్త్రజ్ఞుడు, ఒడ్డున ఉన్న ఊళ్ల నుంచి ఇద్దరు ఉంటే చాలు. అటవీ, రెవెన్యూ, పంచాయతీ, ఆర్టీసీ, రైల్వే, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం (షార్) భద్రత, ఇన్ని కార్యాలయాల గడప ఎక్కడం పాతికేళ్ల మనిషి ఒంటరిగా చేయలేని పని. దాన్ని జిల్లా కలెక్టర్ కార్యాలయంలో ఒక అధికారికి అప్పగించాలి. పక్షులు అక్టోబరులో వస్తాయి కాబట్టి ప్రకటన అంతకు ముందు మే నెలలో, ఎంపిక జూలైలో పూర్తవ్వాలి, ప్రదర్శన జనవరిలో తెరవాలి. మార్చి తర్వాత బట్టలు, బొమ్మలు ఈ ప్రాంతపు బడులకు ఇచ్చి, ఖర్చు లెక్కలు తెలుగులో ప్రకటించాలి. ప్రకటన కూడా తెలుగులోనే ఉండాలి. శ్రీకాళహస్తి కలంకారీ ఇళ్లలో, కడప విశ్వవిద్యాలయం నోటీసు బోర్డు మీద, సూళ్లూరుపేట డిగ్రీ విద్యార్థుల చేతిలో అది కనిపించాలి. ఇంగ్లీషులో ప్రతిపాదన రాయలేకపోయినంత మాత్రాన ఎవరి దరఖాస్తూ పక్కకు పోకూడదు.